అణుభద్రత పరిశోధనలోకి వస్తున్న శ్రావణికి

చిరంజీవి శ్రావణికి, ఆశీస్సులు.

రాజనీతిశాస్త్రంలో ఎం.ఏ. పూర్తయిందనీ, ఆసియా దేశాల అణువిధానాలపై పీహెచ్‌డీ చేయాలని ఉందనీ, భౌతికశాస్త్రం చదవనివారికి ఈ రంగం అచ్చివస్తుందా అనీ రాశావు. భౌతికశాస్త్రం కొంత నేర్చుకోక తప్పదు, కానీ కొంతే. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తన తనిఖీలకు ప్లుటోనియం అయితే 8 కిలోలు, అధికంగా శుద్ధిచేసిన యురేనియంలోని యురేనియం-235 అయితే 25 కిలోలు అని, ఒక బాంబు తయారీకి సరిపడవచ్చనుకునే కొలత ఎందుకు పెట్టుకుందో ఇతరులకు విడమరచి చెప్పగలిగితే ప్రస్తుతానికి చాలు. పదాల దగ్గర మాత్రం అంత తేలిగ్గా గట్టెక్కలేవు.

మన తెలుగులోనే చూడు: ప్రమాదం జరగకుండా చూసుకోవడాన్నీ, అణుపదార్థం దొంగలకూ విద్రోహులకూ చిక్కకుండా కాపాడడాన్నీ ‘భద్రత’ అనే అంటాం. ఈ రంగంలో ఆ రెంటికీ వేర్వేరు ఒప్పందాలున్నాయి. 2010లో ఒక విశ్వవిద్యాలయం పాత సామానుగా అమ్మేసిన పరికరంలోని రేడియోధార్మిక పదార్థం కోబాల్ట్-60 ఢిల్లీ మాయాపురిలోని తుక్కు దుకాణాలకు చేరి ఒకరి ప్రాణం తీసింది. దాన్ని ఎవరూ దొంగిలించలేదు. అయినా అంత సులువుగా బయటపడ్డ పదార్థం దురుద్దేశం ఉన్నవాడికీ అంతే సులువుగా దొరికి ఉండేది. ఆ ఘటనను ఏ ఖాతాలో వేస్తావో, ఎందుకో ఒక పేజీ రాసి పంపు.

నా తప్పు ఒకటి చెబుతాను. చైనా అణువిధానంపై నా తొలి పత్రాన్ని పూర్తిగా ఇంగ్లీషు అనువాదాల ఆధారంగానే రాశాను. సదస్సులో ఒక పెద్దాయన ‘నిరోధానికి వాళ్ల మాట ఏమిటి?’ అని అడిగితే నోరు పెగలలేదు. నిరోధమంటే ఎదురుదెబ్బ భయంతో శత్రువు దాడికి దిగకుండా ఆపడం; దానికి చైనావాళ్ల మాట ‘వెయ్‌షె’. అందులో శత్రువును ఆపడమే కాక, బలం చూపి భయపెట్టి లొంగదీసుకోవడమన్న ఛాయ కూడా ఉంది. ఆ ఒక్క ఛాయతో నా పత్రంలో సగం వాదం కూలిపోయింది. అందుచేత అంశం ఖరారు చేసుకునే ముందే మాండరిన్ గానీ, ఉర్దూ గానీ, కొరియన్ గానీ మొదలుపెట్టు.

రహస్యాల కోసం వెంపర్లాడకు. విశ్రాంత అధికారులను కలిసినప్పుడు చెప్పకూడనిది అడిగితే, చెప్పదగినది కూడా చెప్పడం మానేస్తారు. బహిరంగ పత్రాల్లోనే కావలసినంత పని ఉంది. 1999 ఆగస్టు నాటి మన అణువిధాన ముసాయిదాను, 2003 జనవరి 4న ప్రభుత్వం విడుదల చేసిన ప్రకటనను పక్కపక్కన పెట్టి చదువు. మొదటిదానిలో ప్రతీకారం శిక్షించేదిగా ఉంటుందన్నారు; రెండోదానిలో అది భారీగా ఉంటుందన్నారు. పైగా మనపై జీవ, రసాయన ఆయుధాలతో పెద్ద దాడి జరిగితే అణ్వస్త్రాలతో బదులిచ్చే అవకాశాన్ని అట్టిపెట్టుకుంటామని చేర్చారు. ముందుగా ప్రయోగించబోమన్న మాట నిలుస్తూనే దానికి ఇంత మినహాయింపు ఎలా వచ్చిందన్నది మంచి పరిశోధనాంశం.

అలాగే 1988 డిసెంబరు 31న కుదిరిన ఒప్పందం ప్రకారం భారత్, పాకిస్థాన్ 1992 నుంచి ఏటా జనవరి 1న తమ అణుకేంద్రాల జాబితాలను ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. 1998 పరీక్షల తరువాతా, కార్గిల్ తరువాతా ఆ ఆనవాయితీ తప్పలేదు. వార్తాపత్రికల్లో దానికి నాలుగు వాక్యాలే దక్కుతాయి. ఇంత పగలోనూ తెగని ఆ సన్నని దారాన్ని పట్టుకుని ఎవరైనా ఓపికగా రాయాలని నాకు చాలాకాలంగా కోరిక.

ఉద్యోగాలు తక్కువ, ఢిల్లీలో, బెంగళూరులో ఉన్న కొద్ది సంస్థల్లోనూ ఎక్కువగా ఒప్పంద పద్ధతే. ఆ సంగతి ఇంట్లో ఇప్పుడే చెప్పు. మాయాపురి పేజీ అందాక తక్కినవి రాస్తాను.