సెప్టెంబరులో పిచ్చర్ వేగం ఎందుకు తగ్గుతుంది?

ప్రశ్న: ఈ జూన్‌లో హైదరాబాదు నుంచి డాలస్ వచ్చాం. ఆఫీసులో భోజనాల దగ్గర అందరూ బేస్‌బాల్ గురించే వాదించుకుంటున్నారు. ఎవరో పిచ్చర్ (బంతి వేసేవాడు) వేగం గంటకు రెండు మైళ్ళు పడిపోయిందట, ప్లేఆఫ్స్‌కి పనికొస్తాడా రాడా అని. క్రికెట్ బాగానే తెలుసు కానీ ఈ గొడవ తలా తోకా అర్థం కావడం లేదు. నిజంగా అంత పెద్ద విషయమా? ఇంకొకటి. మా పదేళ్ళ బాబుని లిటిల్ లీగ్‌లో, అంటే పిల్లల బేస్‌బాల్‌లో చేర్చాం. చెయ్యి బావుందని కోచ్ వాడితో పిచింగ్ చేయిస్తున్నారు. మేం తెలుసుకోవాల్సిన జాగ్రత్తలేమైనా ఉన్నాయా?

జవాబు: పెద్ద విషయమేనండి. మార్చి చివర మొదలైన మేజర్ లీగ్ (ఇక్కడి అగ్రశ్రేణి బేస్‌బాల్) సీజన్‌లో ఒక్కో జట్టు 162 ఆటలు ఆడుతుంది, ఆరు నెలలపాటు ఇంచుమించు రోజూ. 30 జట్లలో అక్టోబరులో జరిగే ప్లేఆఫ్స్‌కి మిగిలేవి 12. అక్కడ మొదటి రౌండులో ఉండేది మూడే ఆటలు, రెండు ఓడితే ఇంటికే. ఆర్నెల్ల కష్టం ఒక్క మనిషి భుజం మీద, ఒక్క రాత్రి మీద ఆధారపడే పరిస్థితి. అందుకే సెప్టెంబరు రాగానే అభిమానులంతా ఆ భుజాన్ని అంతగా పట్టి చూస్తారు.

ఆటను మొదలుపెట్టే పిచ్చర్‌కి ఐదారు రోజులకోసారి వంతు వస్తుంది. వచ్చినప్పుడల్లా తొంభై బంతుల దాకా వేస్తాడు. గాయాలు లేకపోతే ఏడాదికి ముప్పై ఆటల దాకా పడతాయి. మన ఫాస్ట్ బౌలర్‌కి పరుగు తోడుంటుంది. ఇతను నిలబడ్డ చోటునుంచి ఒక్క అడుగు ముందుకేసి, కాళ్ళు, నడుము, భుజం వరసగా తిప్పి ఆ వేగమంతా పుట్టించాలి. ఈ రోజుల్లో మామూలు ఫాస్ట్‌బాల్ సగటున గంటకు 94 మైళ్ళు, అంటే 151 కిలోమీటర్లు. 2003 ప్రపంచ కప్పులో షోయబ్ అక్తర్ 161.3 కిలోమీటర్ల వేగంతో బంతి వేస్తే ప్రపంచమంతా చెప్పుకుంది. ఇక్కడ అరోల్డిస్ చాప్‌మన్ 2010లో 105.8 మైళ్ళు, అంటే 170 కిలోమీటర్లు అందుకున్నాడు. అదీ సెప్టెంబరు 24న.

ఆ తేదీ గుర్తుంచుకోండి, భోజనాల దగ్గర అక్కరకొస్తుంది. ఎందుకంటే సెప్టెంబరులో పిచ్చర్లంతా నెమ్మదిస్తారన్న నియమం లేదు. ఏప్రిల్ చలిలో వేగాలు తక్కువగా ఉంటాయి, ఎండ ముదిరేకొద్దీ పెరుగుతాయి. అక్టోబరులో చాలామంది ఇంకా గట్టిగా వేస్తారు, ఆ పోటీ వేడి అలాంటిది. పైగా తక్కువ బంతులకే ఆపి వేరేవాణ్ణి పంపుతారు గనక దాచుకోవాల్సిన పని ఉండదు. కాబట్టి ఒకడి వేగం తగ్గిందంటే నెలను తప్పుపట్టి లాభం లేదు, ఆ ఒక్కడికి ఏమైందో చూడాలి.

కారణాలు చాలా ఉండొచ్చు. కొన్ని అసలు కారణాలే కావు. నేరుగా దూసుకెళ్ళే ఫాస్ట్‌బాల్ తగ్గించి, కిందికి దిగే సింకర్ ఎక్కువ వేస్తుంటే సగటు దానంతటదే పడిపోతుంది. జట్టు ప్లేఆఫ్స్‌లో చోటు ఖాయం చేసుకున్నాక కొందరు కావాలనే పూర్తి బలం పెట్టరు. ప్రతి స్టేడియంలోనూ బంతి వేగాన్ని యంత్రాలు కొలిచి అందరి ముందూ పెడుతున్నాయి కాబట్టి, ఒక రాత్రి ఒక మైలు తగ్గినా గగ్గోలు మొదలవుతుంది. ఒక రాత్రిని నేను లెక్కలోకి తీసుకోను. మూడు నాలుగు ఆటలు వరసగా, ఒకే రకం బంతి, రెండు మైళ్ళు తగ్గి, దానితోపాటు గురి కూడా చెదిరితే అప్పుడు భయపడాలి. కాళ్ళు, నడుము అలిస్తే వేగం కోసం చెయ్యి ఎక్కువ లాగాల్సి వస్తుంది. ముంజేతి కండరాలు అలిస్తే వాటి బరువు మోచేతి లోపలి లిగమెంటు (ఎముకల్ని కలిపి ఉంచే పట్టీ) మీద పడుతుంది. అది తెగితే చేసే ఆపరేషన్‌ని డాక్టర్ ఫ్రాంక్ జోబ్ 1974లో మొదట టామీ జాన్ అనే పిచ్చర్‌కి చేశారు. ఇప్పటికీ దాన్ని టామీ జాన్ ఆపరేషన్ అనే పిలుస్తారు.

2023లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ పిచ్చర్ క్లేటన్ కెర్షా విషయంలో జరిగింది ఈ వాదనకు సరైన ఉదాహరణ. భుజం నొప్పితో ఆగి, ఆగస్టులో తిరిగొచ్చాడు. సెప్టెంబరులో అతని ఫాస్ట్‌బాల్ తొంభై మైళ్ళ కిందికి జారింది. కానీ పరుగులు మాత్రం పెద్దగా ఇవ్వలేదు. తొమ్మిది ఇన్నింగ్స్‌కి 2.46 పరుగుల సగటుతో సీజన్ ముగించాడు. అభిమానులు రెండుగా చీలిపోయారు. తెలివితో నెట్టుకొస్తాడని ఒకరు, యంత్రం చెప్పేది వినండని ఇంకొకరు. అక్టోబరు 7న ఆరిజోనాతో ప్లేఆఫ్స్ మొదటి ఆటలో ఒక్కరినే ఔట్ చేసి ఆరు పరుగులిచ్చి దిగిపోయాడు. నవంబరులో భుజానికి ఆపరేషన్ జరిగింది. ఆ మనిషి ఆ నెలంతా ఏం భరిస్తూ బంతి వేశాడో తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. అందుకే వేగం తగ్గినవాణ్ణి 'మనసు పెట్టి ఆడట్లేదు' అని ఎవరన్నా నేను ఒప్పుకోను. మీరూ ఆ మాట అనకండి.

మీ ఊరి జట్టు రేంజర్స్ అదే ఏడాది మొదటిసారి వరల్డ్ సిరీస్, అంటే ప్లేఆఫ్స్ ఫైనల్ గెలిచింది. వాళ్ళ పిచ్చర్ మ్యాక్స్ షెర్జర్ సెప్టెంబరు 12న భుజం కండరం పట్టేసి బయటికెళ్తే, ఈ ఏడాదికి అతని పని అయిపోయిందన్నారు. అక్టోబరులో తిరిగొచ్చి ఆడాడు. డాలస్‌లో ఈ కబురు ఎత్తితే చాలు, పక్కవాళ్ళు మీకు కుర్చీ లాగి చోటిస్తారు.

మీ క్రికెట్ ఇక్కడ వృథా పోదు. 2025లో ఇంగ్లండ్‌లో ఐదు టెస్టులకు బుమ్రాని మూడింట్లోనే ఆడించినప్పుడు మనవాళ్ళు ఎంత వాదించుకున్నారో మీకు గుర్తుండే ఉంటుంది. అదే సిరీస్‌లో మీ హైదరాబాదీ సిరాజ్ ఐదింటికి ఐదూ ఆడి, ఓవల్‌లో చివరి రోజు పొద్దున కూడా పూర్తి వేగంతో వేసి ఆరు పరుగుల తేడాతో గెలిపించాడు. ఎవరి ఒళ్ళు ఎంత తట్టుకుంటుందో ముందే చెప్పలేం. ఇక్కడ దీనికి జోడీ కథ పిచ్చర్ స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్‌ది. 2010లో మోచేతి ఆపరేషన్ అయినందుకు వాషింగ్టన్ నేషనల్స్ 2012లో అతన్ని సెప్టెంబరు మొదట్లోనే ఆపేసింది. ఆ అక్టోబరులో అతను లేకుండానే ఆడి సెయింట్ లూయిస్ చేతిలో ఓడిపోయింది. 2019లో ఆ జట్టే వరల్డ్ సిరీస్ గెలిస్తే ఉత్తమ ఆటగాడు అతనే. ఆపడం తప్పా ఒప్పా అని జనం ఇంకా కొట్టుకుంటున్నారు. నేను ఒప్పేనంటాను.

మొదట్లో మీరు తీర్పులు చెప్పకండి, ప్రశ్నలు వేయండి. ఏ బంతి వేగం తగ్గింది? ఎన్ని రోజుల విశ్రాంతి తర్వాత ఆడాడు? గురి ఎలా ఉంది? ఈ మూడూ అడిగితే చాలు, ఎదుటివాళ్ళు సంతోషంగా గంటసేపు చెప్తారు.

ఇక బాబు సంగతి. దీన్ని మాత్రం జాగ్రత్తగా చదవండి. తొమ్మిది, పదేళ్ళ పిల్లలకు లిటిల్ లీగ్ నియమం ప్రకారం రోజుకు 75 బంతులే గరిష్ఠం. 66 లేదా అంతకు మించితే నాలుగు రోజులు, 51 నుంచి 65 అయితే మూడు, 36 నుంచి 50 అయితే రెండు, 21 నుంచి 35 అయితే ఒక రోజు విశ్రాంతి ఇవ్వాలి. 41 లేదా అంతకు మించి బంతులు వేసినవాణ్ణి ఆ రోజు క్యాచర్‌గా (మన వికెట్ కీపర్ లాంటివాడు) నిలబెట్టకూడదు, అదీ చేతికి భారమే. మేజర్ లీగ్, యూఎస్‌ఏ బేస్‌బాల్ కలిసి తెచ్చిన పిచ్ స్మార్ట్ సూచనల్లో ఇంకో మాట ఉంది: ఏడాదిలో కనీసం నాలుగు నెలలు బంతి విసరడమే మానాలి, అందులో రెండు మూడు నెలలు వరసగా. డాలస్‌లో చలి తక్కువ కాబట్టి ఏడాది పొడుగునా ఆడించే క్లబ్బులు దొరుకుతాయి. మనవాళ్ళు పిల్లాడిలో ప్రతిభ కనిపించగానే రెండు టీముల్లో చేర్చి, పైన ప్రైవేటు కోచింగ్ పెట్టి, వేగం కొలిచే గన్ కూడా కొంటున్నారు. చదువులో అలవాటైన తొందర ఇక్కడ చూపిస్తే పిల్లాడి మోచేతికే దెబ్బ. పదేళ్ళకి వాడికి వేగం అక్కర్లేదు. నేరుగా వేసే బంతి, నెమ్మదిగా వేసే ఛేంజప్ కుదురుగా వస్తే చాలు. బంతిని మెలితిప్పి వేసే కర్వ్‌బాల్ తర్వాత చూసుకోవచ్చు.

బంతుల లెక్క మీరే రాసుకోండి. రెండో టీములో కూడా ఆడుతుంటే, శనివారం అక్కడ వాడు ఎన్ని వేశాడో మీరు చెప్తే తప్ప మొదటి టీము కోచ్‌కి తెలియదు. మోచెయ్యి గానీ భుజం గానీ నొప్పి అంటే ఆ రోజుకి ఆపేయండి, కోచ్ ఇంకొక్క ఇన్నింగ్స్ అని బతిమాలినా సరే. రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే పిల్లల డాక్టరుకి చూపించి, ఆయన సరేనన్నాకే మళ్ళీ బంతి ఇవ్వండి.