మాయలోకంలో దవాఖాన కడుతున్న బిడ్డకు

హైదరాబాద్

చిరంజీవి బిడ్డకు పెద్దమ్మ దీవెనలు.

నువ్వు రాస్తున్న మాయలోకం నవలలోంచి పంపిన మూడు అధ్యాయాలూ చదివాను. కోట బాగుంది, రెక్కల కొండచిలువలు కూడా బాగున్నాయి. వైద్యం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒకమ్మాయి చెయ్యి ఆనిస్తుంది, గాయం మాయమవుతుంది, అందరూ గుర్రాలెక్కుతారు. అలాంటి చెయ్యి ఉన్న ఊళ్లో రాజుగారి తల్లి జ్వరంతో ఎందుకు పోయింది మరి?

ముందు లెక్క రాసుకో. ఆ మంత్రగత్తె రోజుకు ఎందరిని బాగు చేయగలదు? నలుగురనుకో. రాజధానిలో లక్ష మంది ఉన్నారని నువ్వే రాశావు. పాతకాలపు ఊరు కాబట్టి వెయ్యి మందికి ఏడాదికి 36 కాన్పులు వేసుకో. మొత్తం 3,600, అంటే రోజుకు పది. పదింట్లో ఒకటో రెండో కష్టమవుతాయి. బిడ్డ అడ్డం తిరుగుతుంది, నెత్తురు ఆగదు, మాయ పడదు. (నీ లోకంలో మాయంటే మంత్రం, కాన్పుల వార్డులో మాయంటే బిడ్డ వెనకాల రావలసింది. ఈ రెండు మాటల మీద నువ్వు ఒక్క చమత్కారం కూడా చేయలేదు, ఆశ్చర్యం.) కాన్పులకే ఇద్దరి వంతు పోతే మిగిలింది ఇద్దరికి. ఆ ఇద్దరి కోసం తేలు కుట్టిన పిల్ల, గానుగలో చెయ్యి నలిగినవాడు, మోకాలి నొప్పితో సేనాధిపతి, ఇంకా వందమంది గేటు బయట నిలబడి ఉంటారు.

కాబట్టి గేటు దగ్గర ఒక మనిషిని పెట్టు. పెద్ద ప్రమాదం జరిగినప్పుడు మన దవాఖానల్లో చేసినట్టే నాలుగు రంగుల దారాలు ఇవ్వు. ఎరుపు ఇప్పుడే చూడాలి, పసుపు కొన్ని గంటలు ఆగగలదు, ఆకుపచ్చ నడిచి వెళ్లగలదు, నలుపుకు ఇక చేసేదేమీ లేదు. కొత్తగా రాసేవాళ్లు చేసే తప్పొకటుంది, గట్టిగా అరిచేవాడికి ఎరుపు కట్టేస్తారు. అరిచేవాడికి ఊపిరైనా ఆడుతోంది. గోడవారగా చల్లటి చెమటలు పట్టి, పాలిపోయి, మాటాపలుకూ లేకుండా కూర్చున్నవాడిని ముందు చూడాలి. నల్లదారం కట్టే మనిషిని జాగ్రత్తగా మలుచుకో, మంత్రగత్తె కన్నా ఆ పాత్రే ఎక్కువ గుర్తుంటుంది. దారం రంగు మార్చడానికి గేటు దగ్గర చేతులు తడపాల్సి వస్తుంది కదా, ఆ రేటు కూడా రాసి పెట్టుకో.

ఇక మంత్రం ఏం చేయలేదో తేల్చు. గాయం లోపల మట్టి, గుడ్డపీలిక ఉండగా పైచర్మం మూసుకుపోతే లోపల చీము పడుతుంది, నాలుగైదు రోజులకు ఒళ్లు కాలిపోతుంది. కడగడం ముందు, మంత్రం తర్వాత. తొడ ఎముక విరిగితే కండరాలు లాగి ముక్కలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి. ఇద్దరు మనుషులు కాలు సాగదీసి పట్టుకోకుండా అతికిస్తే కాలు పొట్టిదవుతుంది, మళ్లీ విరగ్గొట్టాలి. పుత్తూరు కట్టు కట్టేవాళ్లను అడిగినా ముందు సరిచేయడం, ఆ తర్వాతే కట్టడం అంటారు. కండను పెంచే మంత్రం కంతినీ పెంచుతుంది, అది నీకు ఇంకో అధ్యాయానికి సరుకు.

అన్నిటికన్నా నెత్తురు సంగతి చూసుకో. అర లీటరు నెత్తురు పోతే దాంతో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము పోతుంది. తిండిలోంచి రోజుకు ఒంటికి పట్టేది ఒకటి, రెండు మిల్లీగ్రాములే. కత్తిపోటుకు లీటరున్నర పోగొట్టుకున్నవాడికి ఆ అమ్మాయి కొత్త నెత్తురు పుట్టించాలంటే వాడి ఒంట్లో దాచుకున్న ఇనుమే తీయాలి. ఒకసారికి సరిపోవచ్చు. నెల తిరక్కుండా రెండో పోటు పడితే తీయడానికి ఏమీ ఉండదు. ఆడవాళ్లలో ఆ నిల్వ ఇంకా తక్కువ. బాగైన సిపాయి మెట్లెక్కుతూ ఆయాసపడాలి, పక్కన ఎవరో వాడికి మేక కార్జం వండిపెట్టాలి. ఇదొక్కటి పెట్టుకుంటే మంత్రానికి హద్దు ఎందుకుందని ఎవరూ అడగరు.

రాజుగారి తల్లిది జ్వరం కాకుండా కలరా చెయ్యి. ముదిరిన కలరాలో గంటకు లీటరు దాకా నీరు పోతుంది, ఒక్క పూటలో మనిషి కళ్లు లోపలికి పోతాయి. ఒక్క పేటలో రెండు వందల మంది పడిపోతే నలుగురిని బాగుచేసే చెయ్యి ఏ మూలకు? అక్కడ పనికొచ్చేది తాగించే నీళ్లే. లీటరు కాచి చల్లార్చిన నీళ్లు, ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచాలు తలగొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకు ప్రాణం మీదికి వస్తుంది, చక్కెర ఎక్కువైతే విరేచనాలు పెరుగుతాయి. తాగింది కక్కేస్తే పది నిమిషాలు ఆగి మళ్లీ చెంచాతో మొదలుపెట్టాలి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్‌లో వేసిన శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఇలాంటి నీళ్లే తాగించారు. నూటికి 30 దాకా ఉన్న చావులు 3.6కు దిగాయి. తాగించింది ఎక్కువగా రోగుల ఇంటివాళ్లే. నీ రాజధానిలో ఈ కుండలు మోసే ముసలమ్మలుంటే మంత్రగత్తెల సంఘం వాళ్లను ఓర్చుకుంటుందా?

సంఘాలు, తగవులు కావాలంటే దూరం పోనక్కర్లేదు. ఆపరేషన్‌కు మత్తిచ్చే క్లోరోఫాం ప్రాణం ఎలా తీస్తుందో తేల్చడానికి 1888లో, 1889లో క్లోరోఫాం కమిషన్లు మన హైదరాబాద్‌లోనే కూర్చున్నాయి. డాక్టర్ ఎడ్వర్డ్ లారీ నడిపాడు, డబ్బు నిజాం ఇచ్చాడు. జంతువుల మీద వందల ప్రయోగాలు చేసి, మత్తులో ముందు ఆగేది ఊపిరే, ఊపిరి కనిపెట్టుకుంటే చాలు అన్నారు. కాదు, నాడి పట్టుకోవాలన్నది అవతలి పక్షం. గుండె కూడా ఉన్నట్టుండి ఆగగలదని తర్వాతి కాలంలో తేలింది. లారీ దగ్గర క్లోరోఫాం ఇవ్వడం నేర్చుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరు. నీ లోకంలో నిద్రమంత్రం వేసేవాళ్లను కూడా ఇలాగే రెండు పక్షాలు చెయ్యి, ఒకరు ముక్కు దగ్గర దూది పెట్టి చూస్తారు, ఒకరు మణికట్టు వదలరు. ఇద్దరి దగ్గరా శవాలుంటాయి.

రాత్రి సంగతి నువ్వసలు రాయలేదు. జ్వరాలు ఎక్కేది సాయంత్రం దాటాకే, మంత్రగత్తె నిద్రపోయేదీ అప్పుడే. మామూలు వార్డులో ఐదారు పడకలకొక నర్సు కావాలి, గడియగడియకూ చూడవలసిన రోగికి ఒకరే పూర్తిగా. డ్యూటీ మారేటప్పుడు మంచం పక్కన నిలబడి ఎవరికి ఏం ఇచ్చారు, మూత్రం ఎంత వచ్చింది, ఏది మిగిలిందో చెప్పుకోవాలి. మందు రెండుసార్లు పడేది, అసలు పడకుండా పోయేది ఆ పది నిమిషాల్లోనే. మంత్రం రెండుసార్లు పడితే ఏమవుతుందో ఆలోచించు. వరండాలో చాపలేసుకునే అటెండెంట్లను కూడా పెట్టు. టిఫిన్ డబ్బా లేని దవాఖాన ఏ లోకంలోనూ ఉండదు.

పేర్లకు తలబద్దలు కొట్టుకోకు. కులీ కుతుబ్ షా కట్టించిన దవాఖాన దారుల్‌షిఫా పేరు ఇప్పటికీ ఆ బస్తీకి ఉంది. క్వారంటైన్ అనే మాట నల్లకుంట జ్వరాల దవాఖాన దగ్గర అరిగి అరిగి కోరంటి అయింది. నీ ఊళ్లో కూడా పేట పేరు మిగలనీ, అక్కడ ఒకప్పుడు ఏం జరిగిందో జనం మరిచిపోనీ.

రెండో అధ్యాయంలో కట్టు విప్పే చోటు తిరగరాయి. ఎండి అంటుకుపోయిన కట్టును నీ వీరుడిలా చర్రున లాగితే కొత్తగా పట్టిన చర్మం దాంతో పాటే వస్తుంది. లీటరు కాచిన నీళ్లలో 9 గ్రాముల ఉప్పు కలిపి, చల్లారాక కట్టు బాగా నానేదాకా పోస్తూ ఉండాలి. అప్పుడు అంచునుంచి మెల్లగా.

మీ అమ్మను అడిగానని చెప్పు.

నీ
పెద్దమ్మ