పడవలో మురుగు ట్యాంకు కారితే డబ్బు ఎవరు కట్టాలి?

ప్రశ్న: లాయర్ గారూ, మాది నెల్లూరు. ఇరవై ఏళ్లుగా చెన్నై రాయపురంలో ఉంటున్నాం. నాకూ మా తోడల్లుడికీ కలిపి ఒక మోటారు బోటు ఉంది. దాని టాయిలెట్ మురుగు నిలవ ఉంచడానికి అంబత్తూరులో ఒక వర్క్‌షాపులో 74,000 రూపాయలకు స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాంకు చేయించి బిగించుకున్నాం. 14 నెలలకే అతుకుల దగ్గర కారుతోంది. ‘స్టీలు మీరే అడిగారు, వారంటీ లేదు, కావాలంటే మళ్లీ వెల్డింగ్ చేసిస్తా’ అంటున్నాడు వర్క్‌షాపు యజమాని. డబ్బు తిరిగి వస్తుందా?

జవాబు: ముందు ఒకటి గుర్తు చేసుకోండి. స్టీలు అన్న మాట మొదట ఎవరి నోట వచ్చింది? కేసంతా అక్కడే ఉంది. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, వస్తువు దేనికోసమో కొనేవాడు చెప్పి, అలాంటివి అమ్మడమే వృత్తిగా ఉన్నవాడి నైపుణ్యాన్ని నమ్ముకుంటే, అది ఆ పనికి పనికిరావాల్సిందే. రాసిచ్చిన వారంటీ లేకపోయినా సరే. ‘బోటులో మురుగుకు ట్యాంకు కావాలి, ఏది మంచిదో మీరే చూడండి’ అన్న వాట్సాప్ మెసేజ్ ఒక్కటి దొరికినా మీకు బలం. అలా కాక ‘304 గ్రేడు స్టీలు షీటుతో చేయండి’ అని మీరే గీసిచ్చి ఉంటే మాత్రం లోహం ఎంపిక మీ నెత్తినే పడుతుంది. అప్పుడు వెల్డింగ్ లోపం ఒక్కటే మిగులుతుంది.

వంటింటి స్టీలు గిన్నెకు తుప్పు పట్టదు కదా అని అతను వాదించవచ్చు. కానీ మూత్రంలో స్టీలును తినేసే క్లోరైడ్లనే లవణాలుంటాయి. స్టీలు మీది సన్నని రక్షణ పొర నిలవాలంటే ఆక్సిజన్ కావాలి, కదలని మురుగులో అది ఉండదు. వెల్డింగ్ వేడికి అతుకుల పక్కన ఆ పొర బలహీనపడుతుంది, సూది బెజ్జాలు అక్కడే మొదలవుతాయి. అల్యూమినియందీ దాదాపు ఇదే కథ. అందుకే ఈ పనికి మందపాటి పాలిథిలిన్ ట్యాంకునో, సరిగా కట్టిన ఫైబర్‌గ్లాస్‌నో వాడతారు.

మళ్లీ వెల్డింగ్‌కు ఒప్పుకోకండి. సాక్ష్యమంతా ఆ అతుకుల్లోనే ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 38వ సెక్షన్ కింద వినియోగదారుల కమిషన్ ఆ వస్తువును ల్యాబు పరీక్షకు పంపించగలదు. ఊడదీసేటప్పుడు వీడియో తీయండి, ట్యాంకును కడిగి పట్టాలో చుట్టి పెట్టండి. ఇంట్లో వాళ్లు ఎంత గొణిగినా పాత సామాన్ల వాడికి వేయకండి. కారుతోంది కదా అని హార్బర్‌లో ఖాళీ చేసేయడమూ వద్దు. శుద్ధి చేయని మురుగును తీరానికి 12 నాటికల్ మైళ్లు దాటాకే వదలాలని పెద్ద ఓడలకే మార్పోల్ అనే అంతర్జాతీయ సముద్ర కాలుష్య నివారణ ఒప్పందంలో నియమం ఉంది. అవతలి లాయరుకు కాలుష్యం మాట ఎత్తే సందు ఎందుకివ్వాలి?

మీరు రాయని సంగతి ఒకటి అడుగుతాను. ఆదివారాలు డబ్బు తీసుకుని బయటివాళ్లను ఎక్కిస్తున్నారా? అయితే అది వ్యాపారమని, మీరు వినియోగదారుడే కాదని అంటారు. జీవనోపాధి కోసం మీరే నడుపుకుంటుంటే మినహాయింపు ఉంది, లేకపోతే సివిల్ కోర్టే. ఇంటివాళ్లతో తిరగడానికే అయితే టెన్షన్ లేదు.

ముందు 15 రోజుల గడువుతో లాయర్ నోటీసు ఇవ్వండి. తర్వాత మీరు నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, అంబత్తూరు ఎవరి పరిధి అన్న తర్జనభర్జన అక్కర్లేదు. మీరు చెల్లించిన ధర 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు. అవతలివాళ్లు ట్యాంకు ఇచ్చిన రోజు నుంచే లెక్క కడతారు, అలా చూసినా మీకు ఇంకా పది నెలలుంది. బిల్లు తోడల్లుడి పేరున ఉంటే ఇద్దరూ కలిసి సంతకం చేయండి. కొత్త ట్యాంకు ఆర్డరు ఇచ్చేటప్పుడు ‘సముద్రంలో తిరిగే బోటుకు, టాయిలెట్ మురుగు కోసం’ అని బిల్లు మీదే రాయించుకోండి.