పుస్తకం కోసం ఉద్యోగం మానేయొచ్చా? ఒక బిజినెస్ జర్నలిస్టుకి జవాబు

ప్రశ్న: నాకు 42 ఏళ్ళు. తెలుగు పేపర్లో బిజినెస్ డెస్క్‌లో 16 ఏళ్ళుగా చేస్తున్నా. బోర్డు తిప్పేసిన చీటీల కంపెనీల మీద పుస్తకం రాయడానికి ఏడాదిన్నర ఉద్యోగం మానేద్దామనుకుంటున్నా. ఈఎంఐతో కలిపి ఇంటి ఖర్చు నెలకి 55 వేలు, మా ఆవిడ జీతం 28 వేలు. ఎఫ్‌డీలు 9 లక్షలు, పీఎఫ్ 14 లక్షలు ఉన్నాయి. పబ్లిషర్ అన్ని హక్కులకీ కలిపి ఒకేసారి 60 వేలు ఇస్తానంటున్నారు, లేదంటే 10 శాతం రాయల్టీ. ఏం చేయమంటారు?

జవాబు: మానేయొచ్చండి, డబ్బు సరిపోతుంది. నెలకి 27 వేలు తగ్గుతాయి, 18 నెలలకి 4 లక్షల 86 వేలు, అవి ఎఫ్‌డీల్లోంచి వాడుకున్నా ఇంకో 4 లక్షల పైన ఉంటాయి, గ్రాట్యుటీ కూడా వస్తుంది కదా. పీఎఫ్ మాత్రం ముట్టుకోకండి, కంట్రిబ్యూషన్ ఆగినా 58 ఏళ్ళు వచ్చేదాకా వడ్డీ పడుతుంది, కాకపోతే ఉద్యోగం మానేశాక పడే వడ్డీకి టాక్స్ కట్టాలి. రాజీనామా ఇచ్చేముందే ఇంటిల్లిపాదికీ హెల్త్ పాలసీ తీసేసుకోండి, ఆఫీసు పాలసీ ఉద్యోగంతోనే పోతుంది, బీపీ షుగర్ లాంటివి ముందే ఉంటే కొత్త పాలసీలో 3 ఏళ్ళ దాకా వెయిటింగ్ పెట్టొచ్చు.

నా భయమంతా ఆ 60 వేల గురించే. పుస్తకం రేటు 300 అనుకుంటే కాపీకి మీకొచ్చేది 30, అంటే 2 వేల కాపీలు అమ్ముడైతేగానీ 60 వేలు రావు, తెలుగులో అది తేలిక కాదు, అందుకే చేతిలో పడే డబ్బు మీద ఆశ పుడుతుంది. కానీ ఆ సంతకంతో అనువాదం, ఆడియో, సినిమా, వెబ్ సిరీస్ హక్కులన్నీ పోతాయి.

జర్నలిస్టు సుచేతా దలాల్ గారి సంగతే చూడండి. 1992 ఏప్రిల్‌లో టైమ్స్ ఆఫ్ ఇండియాలో స్టాక్ బ్రోకర్ హర్షద్ మెహతా బండారం బయటపెట్టారు, మరుసటి ఏడాదే దేబాశీష్ బసుతో కలిసి 'ది స్కామ్' పుస్తకం తెచ్చారు. ఆ పుస్తకం ఆధారంగా 'స్కామ్ 1992' సిరీస్ వచ్చింది ఎప్పుడండీ, 2020లో! 27 ఏళ్ళు. డబ్బు కుంభకోణాల మీద కష్టపడి రిపోర్టింగ్ చేసి రాసిన పుస్తకానికి అంత ఆయుష్షు ఉంటుంది, మీరు 16 ఏళ్ళుగా కోర్టు కాగితాలూ బాధితుల కథలూ పోగేసిన మనిషి, దాన్ని ఒక నెల ఇంటి ఖర్చు పాటి డబ్బుకి వదిలేస్తారా?

మన చట్టం ప్రకారం కాపీరైట్ రచయిత బతికున్నంతకాలం, పోయాక ఇంకో 60 ఏళ్ళు ఉంటుంది. అంటే మీ పిల్లలకీ ఆస్తే, వీలునామాలో ఇల్లూ ఎఫ్‌డీలతో పాటు ఇదీ రాయండి. అగ్రిమెంట్‌లో ఎన్నేళ్ళకో రాయకపోతే 5 ఏళ్ళకే ఇచ్చినట్టు లెక్క, ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియా వరకే. కాబట్టి రాయల్టీయే తీసుకోండి, 'తెలుగు ప్రింట్ హక్కు మాత్రమే, 5 ఏళ్ళకి, మిగతావన్నీ రచయితవే' అని స్పష్టంగా పెట్టించండి. రాయల్టీ మీద 3 లక్షల దాకా మినహాయింపు పాత టాక్స్ పద్ధతిలోనే ఉంది, రిటర్న్ వేసేటప్పుడు రెండు పద్ధతుల్లోనూ లెక్క వేసి చూసుకోండి. ఎన్ని కాపీలు వేశారో, ఎన్ని అమ్ముడయ్యాయో ఏడాదికోసారి రాతపూర్వకంగా లెక్క ఇవ్వాలన్న షరతు కూడా పెట్టించి, అప్పుడు సంతకం చేయండి.