భార్య ఊరు బుడాపెస్ట్: ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న భర్త చూసుకోవాల్సినవి

లండన్‌లో కాపురం, ఆవిడది హంగేరీ, మీది ఇండియన్ పాస్‌పోర్ట్, బుడాపెస్ట్‌లో శుక్ర, శని, ఆదివారాలు ఎలా ప్లాన్ చేయాలని అడిగారు. ముందు వీసా సంగతి తేల్చుకోండి, చాలామంది బోల్తా పడేది అక్కడే.

ఈయూ పౌరుల భార్యాభర్తలకు షెంగెన్ వీసా ఫీజు ఉండదని విని ఉంటారు. ఆ వెసులుబాటు ఇచ్చే 2004 నాటి డైరెక్టివ్ (ఈయూ చట్టం) వర్తించేది ఆ ఈయూ పౌరులు సొంత దేశం కాకుండా వేరే ఈయూ దేశానికి వెళ్తేనే. ఇద్దరూ వియన్నా వెళ్తే మీకు ఫీజు లేదు. ఆవిడ పుట్టింటికి వెళ్తే మాత్రం ఆ హక్కు పనిచేయదు! కొన్ని దేశాలు తమ చట్టంతో సొంత పౌరుల కుటుంబాలకూ ఈ మినహాయింపు ఇస్తాయి కాబట్టి హంగేరీ ఎంబసీకి మెయిల్ పెట్టి అడగండి. లేదంటే మామూలు టూరిస్టులాగే 90 యూరోల ఫీజు, 30,000 యూరోల కవరేజీ ఉన్న ఇన్సూరెన్సు. దరఖాస్తు 6 నెలల ముందు నుంచే పెట్టుకోవచ్చు. నిర్ణయానికి 15 రోజులంటారు గానీ అపాయింట్‌మెంట్ దొరకడమే అసలు ఆలస్యం. పెళ్లి ఇండియాలో జరిగి ఉంటే మ్యారేజ్ సర్టిఫికెట్‌కి అపోస్టిల్ (వేరే దేశాల్లో చెల్లేలా వేసే ప్రభుత్వ ముద్ర) చేయించి ఉంచుకోండి.

ఎయిర్‌పోర్ట్ నుంచి 100ఈ బస్సు నేరుగా ఊరి నడిబొడ్డున ఉన్న డేయాక్ తేర్ అనే కూడలికి వస్తుంది. దానికి వేరే టికెట్ కొనాలి, ఊళ్లో బస్సులు, మెట్రోలకి తీసుకునే 72 గంటల పాస్ చెల్లదు. పాసే వాడాలంటే 200ఈ ఎక్కి మెట్రో మారండి. ఊళ్లో విడి పేపర్ టికెట్ తీసుకుంటే పంచ్ చేయడం మరవొద్దు. మెట్రోలో ఇన్‌స్పెక్టర్లు టూరిస్టులని వదిలేయరు. కార్డు మెషిన్ పౌండ్లా ఫోరింట్లా (హంగేరీ కరెన్సీ) అని అడిగితే ఫోరింట్లే నొక్కండి.

పార్లమెంట్ టూర్ ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేయండి. ఈయూ వాళ్లకి రేటు తక్కువ, అందుకే ఆవిడకో రకం, మీకో రకం టికెట్ తీసుకోవాలి. ఆవిడ గుర్తింపు కార్డు వెంట ఉండాలి.

సేచెనీ స్నానశాలలో (1913లో కట్టింది) ఒకరికి క్యాబిన్, ఇంకొకరికి లాకర్ టికెట్ తీసుకుంటే చాలు, బట్టలు మార్చుకోవడానికి ఆ క్యాబిన్ ఇద్దరికీ సరిపోతుంది. చెప్పులు, తువ్వాలు ఇంటి నుంచే తెచ్చుకోండి. ఈత కొట్టే కొలనులోకి టోపీ లేకుండా దిగనివ్వరు. వేడి నీళ్లలో 20 నిమిషాలకు మించి కూర్చుంటే తల తిరగొచ్చు, మధ్యలో బయటికి రండి.

ఆదివారం మధ్యాహ్నం ఏమీ పెట్టుకోవద్దు, అది అత్తగారింటి భోజనం టైము. ఫోవామ్ తేర్ దగ్గర పెద్ద మార్కెట్ ఆదివారం మూసేస్తారు, కాబట్టి శనివారమే చూసేయండి. మీరు శాకాహారులైతే ముందే చెప్పించండి: ఉల్లిపాయని పంది కొవ్వులో వేయించి మిరపపొడి వేయడం అక్కడి పోపు, కూరగాయల సూప్‌లో కూడా మాంసం నీళ్లు ఉండొచ్చు. కారం చాలకపోతే ఎరోష్ పిష్టా సీసా అడగండి, పండుమిరప ముద్ద లాంటిది. అందులో ఉప్పు కూడా గట్టిగానే ఉంటుంది, గిన్నెడు సూప్‌కి అర చెంచా చాలు.