కట్టకముందే కరెంటు లెక్క

ప్రశ్న: విశాఖలో బీఆర్క్ నాలుగో సంవత్సరం చదువుతున్నా. ఎనర్జీ సిమ్యులేషన్, అంటే భవనం ఎంత కరెంటు తింటుందో కట్టకముందే కంప్యూటర్‌లో లెక్కగట్టడం, నేర్చుకోవాలనుంది. సాఫ్ట్‌వేర్ కొనాలా? 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ సరిపోతుందా?

జవాబు: రూపాయి ఖర్చు లేదు. ఈ లెక్క కట్టే సాఫ్ట్‌వేర్, అమెరికా ఇంధన శాఖ అందించే ఎనర్జీప్లస్, ఉచితం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. దానికి తోడుగా ఓపెన్‌స్టూడియో పెట్టుకుంటే గోడలు, కిటికీలు గీసుకోవడం సులువు. అదీ ఉచితమే. డిజైన్‌బిల్డర్ అనే మరో సాఫ్ట్‌వేర్‌కు డబ్బు కట్టాలి, లోపల లెక్క కట్టేది మాత్రం ఎనర్జీప్లసే. చిన్న ఇంటి వరకు మీ ల్యాప్‌టాప్ చాలు.

మొదటి రోజే అపార్ట్‌మెంట్ మొత్తం గీయకండి, విసుగొచ్చి వదిలేస్తారు. మీరు పడుకునే గదితో మొదలుపెట్టండి. పై అంతస్తుదైతే మరీ మంచిది. టేపు పట్టుకుని కొలతలు మీరే తీయండి. విశాఖ వెదర్ ఫైలు దించుకోండి. ఏడాదిలోని 8,760 గంటల ఎండ, గాలి, తేమ అందులో ఉంటాయి. హైదరాబాద్ ఫైలుతో సరిపెట్టుకుంటే సముద్రపు ఉక్క లెక్కలోకి రాదు.

అసలు జాగ్రత్త గోడల దగ్గర. ఓపెన్‌స్టూడియోలో సిద్ధంగా ఉండే గోడలు, పైకప్పులు అమెరికా నిర్మాణాలవి, వాటిలో ఇన్సులేషన్ (వేడిని ఆపే పొర) ఉంటుంది. మనది తొమ్మిదంగుళాల ఇటుక గోడ, రెండు వైపులా ప్లాస్టరింగ్, పైన కాంక్రీటు శ్లాబు. ఆ పొరలు మీరే నింపాలి. లేదంటే తెర మీద గది చల్లగానే కనిపిస్తుంది, అందులో పడుకునేవాళ్లు మాత్రం ఉడికిపోతారు.

ఏసీ యంత్రాన్ని అప్పుడే గీయక్కర్లేదు, 'ఐడియల్ లోడ్స్' పెట్టండి, అంటే యంత్రం సంగతి వదిలేసి గదికి ఎంత చల్లదనం కావాలో మాత్రమే లెక్కగట్టే పద్ధతి. జవాబు జౌళ్లలో వస్తుంది, 36 లక్షల జౌళ్లు ఒక యూనిట్. అయితే అది గదిలోంచి తోడేయాల్సిన వేడి, కరెంటు కాదు. ఏసీ సీఓపీ (ఒక యూనిట్ కరెంటుతో ఎన్ని యూనిట్ల వేడి తోడేస్తుందన్న లెక్క) 3 అనుకుంటే దాన్ని మూడుతో భాగించాలి. బిల్లుతో పోల్చేటప్పుడు ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

ఇక శ్లాబు పైపొరకు సోలార్ అబ్జార్‌ప్టెన్స్ (ఎండలో ఎంత భాగం పీల్చుకుంటుందన్న అంకె) 0.7 నుంచి 0.3కి మార్చండి, అంటే డాబాకు తెల్ల పూత వేసినట్టు. రన్ నొక్కేముందు తోడేయాల్సిన వేడి ఎంత తగ్గుతుందో మీ అంచనా కాగితం మీద రాయండి. తర్వాత దాన్ని పాత విలువకు తెచ్చి, పడమటి కిటికీకి సజ్జ పెట్టి చూడండి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఈ అలవాటు పడితే సగం నేర్చుకున్నట్టేనని నా గట్టి నమ్మకం.

ప్రతి రన్ తర్వాతా ఎర్రర్ ఫైలు చదవండి. 'సివియర్' (తీవ్రమైన తప్పు) అన్న మాట కనిపిస్తే, రన్ పూర్తయినా ఆ అంకెల్ని నమ్మొద్దు.

ప్రశ్న: ఇళ్లలో ఇంధన పొదుపు నియమావళి అయిన ఎకో నివాస్ సంహిత ప్రకారం ఇంటి ప్లాన్ సరిచూడటానికీ సిమ్యులేషన్ కావాలా?

జవాబు: అక్కర్లేదు. గోడలు, కిటికీల ద్వారా లోపలికి వచ్చే వేడికి 2018 నాటి ఆ నియమావళి ఆర్ఈటీవీ అనే కొలత పెట్టింది. చలి ప్రాంతాలు తప్ప మిగతా చోట్ల అది చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదు. సూత్రం అందులోనే ఉంది, ఎక్సెల్ చాలు.