Re: బిగించిన రెండు రోజులకే తలలు ఊడిన 12.9 బోల్టులు

అన్నా, టార్క్ రెంచ్‌ను (లెక్క ప్రకారం బిగించే పానాను) అనుమానించకండి. క్రషర్ గేర్‌బాక్స్‌కి ఎం16 (16 మి.మీ. లావు), 12.9 గ్రేడ్ (చాలా గట్టి ఉక్కు) అలెన్ బోల్టులు తుప్పు పట్టకుండా జింక్ ప్లేటింగ్ చేయించి వేశామన్నారు కదా, మిషన్ ఆగి ఉండగానే రెండో రోజు తలలు ఊడాయన్నారు, అదే అసలు క్లూ. ఎక్కువ బిగిస్తే బిగించేటప్పుడే తెగుతుంది, థ్రెడ్ దగ్గర సాగి సన్నబడుతుంది. మీ ఫొటోలో సాగుడే లేదు, విరిగిన చోట పటికబెల్లం ముక్కలా పలుకులు మెరుస్తున్నాయి. ఇది హైడ్రోజన్ పని.

ప్లేటింగ్‌కి ముందు యాసిడ్‌లో ముంచినప్పుడు, తర్వాత కరెంటు పెట్టినప్పుడు హైడ్రోజన్ ఉక్కులోకి దూరుతుంది. అంత గట్టివి కాని 8.8 గ్రేడ్ బోల్టులకి సాధారణంగా ఏమీ కాదు, కానీ 12.9 గట్టిదనం 39 నుంచి 44 హెచ్‌ఆర్‌సీ (రాక్‌వెల్ గట్టిదనం కొలత), అంత గట్టి ఉక్కు లోడ్ మీద ఉంటే మెల్లగా లోపల్లోపలే చీలుతుంది. అందుకే ప్లేటింగ్ అయిన 4 గంటల్లోపు 190-220 డిగ్రీల ఓవెన్‌లో గంటల తరబడి బేక్ చేసి హైడ్రోజన్‌ని బయటికి పంపాలి. విమానాల బోల్టులకైతే కాడ్మియం ప్లేటింగ్ తర్వాత 23 గంటలు బేక్ చేయడం మామూలే. మీ ప్లేటింగ్ షాపులో ఓవెన్ ఉందా అసలు?

ఇప్పుడు ఆ లాట్ మొత్తం, ఊడనివి కూడా, విప్పి పారేయండి. పగులు మొదలయ్యాక బేక్ చేసినా అతకదు. కొత్తవి ఆయిల్ రాసిన నల్లవి గానీ, జింక్ ఫ్లేక్ (సన్నటి జింక్ రేకుల పూత) కోటింగ్ ఉన్నవి గానీ తీసుకోండి, ఫ్లేక్‌ కోటింగ్‌కి కరెంటు అవసరం లేదు, యాసిడ్ బదులు షాట్ బ్లాస్ట్‌తో (చిన్న గుండ్లు వేగంగా కొట్టి) శుభ్రం చేస్తారో లేదో మాత్రం అడగండి. జారుడు మారుతుంది కాబట్టి పాత టార్క్ పెట్టకండి, కోటింగ్ వాళ్లిచ్చిన ఫ్రిక్షన్ విలువతో మళ్లీ లెక్కేయండి.